నూకమ్మ సంఘాన్ని ఫారం అడగని జనవరి

జనవరి 6, సోమవారం. ఉదయం 10.15, బిష్టుపూర్ ఆఫీసు.

కొత్త డైరీ. కొత్త పెన్ను. కొత్త ఇంద్రాణి!

అప్పలరాజు స్మారక ఫౌండేషన్‌లో తొమ్మిదేళ్లుగా నా పని ఒకటే. సాయం అడిగి వచ్చే సంఘాల చేత ఫారాలు నింపించడం. పోయినేడు మా ఫారం ముప్పై ఎనిమిది పేజీలు. పదిహేడో ప్రశ్న: "మీ ఉద్యమం నుంచి మీరు ఎప్పుడు, ఎలా వైదొలుగుతారు?" ఒక సంఘం వాళ్లు "మేం ఎక్కడికీ పోం, ఇక్కడే ఉంటాం" అని రాశారు. అప్పుడు నవ్వాను. నిన్న గుర్తొచ్చి సిగ్గేసింది.

ఈ ఏటి తీర్మానం:
ఒకటి, ఎవర్నీ ఫారం అడగను.
రెండు, డబ్బు దేనికి వాడాలో వాళ్లే చెబుతారు.
మూడు, నేను వింటాను.

మొదటి సంఘం బిర్సానగర్ నూకమ్మది. ఇళ్లల్లో పనిచేసే ఆడవాళ్ల సంఘం. రెండు వందల పది మంది!

జనవరి 8, బుధవారం. మధ్యాహ్నం 3.00

బిర్సానగర్ వెళ్లాను. ఈ హిందీ ఊళ్లో మన తెలుగువాళ్లు ఎక్కువుండే బస్తీ. నూకమ్మ వాకిట్లో గోనెపట్టా మీద కూర్చున్నాను. కుర్చీ వేశారు, వద్దన్నాను!

నూకమ్మకి యాభై ఉంటాయి. కద్మాలో ఒక ఇంట్లో ఉంగరం పోయిందని ఆమెను పనిలోంచి తీసేశారు. ఆ మాట విని వీధిలో మిగతా నాలుగిళ్లూ మాన్పించేశాయి. ఉంగరం మూడో రోజునే బియ్యం డబ్బాలో దొరికింది. ఆమెకి మాత్రం ఎవరూ చెప్పలేదు. పంతొమ్మిది రోజుల తర్వాత వాచ్‌మన్ చెప్పాడు.

"ఏడుపు రానేదమ్మా," అంది. "నాలాగ ఇంకెంతమందో కనుక్కుందారని ఇల్లిల్లూ తిరిగినాను. సంఘం అలా పుట్టింది."

వాళ్లు అడిగేవి మూడే. వారానికో రోజు జీతంతో సెలవు. రుజువు లేకుండా దొంగ అనకూడదు. పనిచేసే ఇంట్లో మంచినీళ్లూ, బాత్రూమూ వాడుకోనివ్వాలి. ఫిబ్రవరి 2, ఆదివారం నాడు కద్మాలో ఊరేగింపు. మైకుకీ, ఆటోలకీ, ఆ రోజు పని పోయేవాళ్లకీ సాయం కావాలి.

"మరి కాగితాలేటి రాయాలి?"

"ఏమీ అక్కర్లేదు," అన్నాను. నాకే కళ్లు చెమర్చాయి.

నూకమ్మ అనుమానంగా చూసింది. "ఏటీ అక్కర్నేదా? నిజంగా ఫౌండేషనేనా మీది?"

జనవరి 9, గురువారం. 11.30

ఆదిబాబు గారికి చెప్పాను. ఫౌండేషన్ యజమాని ఆయనే. లారీల వ్యాపారం. తండ్రి పేరున పెట్టారు.

"శభాష్! న్యాయం అంటే నాకు ప్రాణం. కాకపోతే ఇంద్రాణీ, కాగజ్ నేకుండా ఆడిటర్ ఊరుకుంటాడేటి? ఒక్క పేజీ రాయించు. బస్."

ఒక్క పేజీ అంటే ఫారం కాదు. ఉత్తరం లాంటిది. తీర్మానం భద్రం!

జనవరి 13, సోమవారం. సాయంత్రం 5.00

ఉత్తరం ఆరు పేజీలైంది. వాళ్లకి చదవడం తేలికని అక్షరాలు పెద్దవి చేశాను. దానివల్ల మూడు పేజీలు పెరిగాయి. మిగతా రెండూ నావల్ల. అందులో ఒక పేజీ, బ్యానర్ మీద మా పేరు ఎంత పెద్దగా ఉండాలన్నది. వాళ్ల మంచికే!

జనవరి 15, బుధవారం. ఉదయం 7.40, కద్మా, ఇల్లు.

జోగమ్మ రాలేదు. ఆరేళ్లుగా మా ఇంట్లో వంటా, అంట్లూ ఆమే. "జొరవమ్మా, లెగనేకపోతన్నాను," అంది ఫోన్లో. కనీసం సాయంత్రం అంట్లకైనా రమ్మన్నాను.

హాసిని వింది. నా కూతురు, పదో తరగతి. తెలుగులో అడిగితే హిందీలో జవాబిచ్చే పిల్ల. "మమ్మీ, ఆప్ ఇసీ కే లియే తో పైసా దే రహీ హో నా?" నువ్వు డబ్బిస్తున్నది దీనికే కదా అట!

అది వేరు, ఇది వేరు అన్నాను. ఎలా వేరో అడగలేదు. అదృష్టం.

జనవరి 17, శుక్రవారం. 1.20

నూకమ్మ ఉత్తరం పట్టుకుని ఆఫీసుకొచ్చింది. యాభై నిమిషాలు బయట కూర్చోవాల్సి వచ్చింది. నేను కంప్యూటర్లో సదస్సులో ఉన్నాను. విషయం: పేదల సమయాన్ని గౌరవించడం ఎలా. చాలా బాగుంది. నోట్సు రాసుకున్నాను.

ఆరు పేజీల్లో నూకమ్మ రెండే నింపింది. "మీ ఉద్యమ ఫలితాన్ని ఎలా కొలుస్తారు?" అన్న చోట, "సెలవు ఇత్తే ఇచ్చినట్టు, నేకపోతే నేనట్టు" అని రాయించింది.

తప్పేమీ లేదు. కానీ పట్టికలో పట్టదు! మిగతావి నింపమని తిరిగిచ్చేశాను. వాళ్లకి శిక్షణ అవసరం.

జనవరి 19, ఆదివారం. 12.00

ఫారం నింపడంపై శిక్షణ. (అవును, ఫారం. ఇక్కడ దాచేదేముంది?) ఆదివారమైతే అందరికీ వీలని ఇవాళే పెట్టాను. రెండు వందల పది మందిలో పదకొండు మంది వచ్చారు. మిగతావాళ్లు పనుల్లో ఉన్నారు. ఆదివారం సెలవు లేదు కదా, దాని కోసమే కదా ఉద్యమం.

నివేదికలో "సభ్యుల ఆసక్తి తక్కువ" అని రాశాను. తర్వాత కొట్టేశాను. తర్వాత మళ్లీ రాశాను. ఆ గడి ఖాళీగా వదిలితే కంప్యూటర్ ఒప్పుకోదు.

జనవరి 23, గురువారం. 4.15

ఆదిబాబు గారు పిలిచారు. చేతిలో ఊరేగింపు దారి రాసిన కాగితం ఉంది. నేనే ఇచ్చాను, నాలుగో పేజీ జిరాక్సు.

"ఇది మా ఈధిలోంచి ఎల్తాదేటి?"

"అవునండి."

"మా వంటావిడ కూడా ఉందట ఇందులో! న్యాయం జరగాల్సిందే, నాను కాదన్ను. మా గుమ్మం ముందే జరగాలా? బిర్సానగర్‌లోనే నడవమను. సొంత బస్తీ. ఎండ కూడా తక్కువ."

జనవరిలో ఎండేమిటని అడగలేదు. సరేనన్నాను. ఎందుకన్నాను? చెక్కు మీద ఇంకా సంతకం కాలేదు. హాసిని ఫీజు ఉంది. మా ఆయన రైల్వే జీతం ఒక్కటీ చాలదు. ఇవన్నీ నిజమైన కారణాలే.

జనవరి 24, శుక్రవారం. 5.30

బిర్సానగర్. ఆదిబాబు గారి మాట నా మాటగా చెప్పాను. "వ్యూహాత్మకంగా ఆలోచించండి," అన్నాను కూడా. ఈసారి కుర్చీలో కూర్చున్నాను.

నూకమ్మ అంతా వింది. వినడంలో ఆమె నాకన్నా నయం.

"అమ్మా, సెలవు ఇయ్యాల్సినోళ్లు కద్మాలో ఉన్నారు. బిర్సానగర్‌లో నడిత్తే మాకు మేవే సెలవు ఇచ్చుకున్నట్టు. మీ డబ్బులొద్దు. మాలో మేం ఏసుకుంటాం."

ఆరు పేజీలూ మడిచి నా చేతిలో పెట్టింది. "ఎనకాల ఖాళీగా ఉంది. మళ్లీ వాడుకోవొచ్చు."

అవమానం! తొమ్మిదేళ్ల సర్వీసు! ఆటోలో వస్తూ ఆమెకి కోపం ఎక్కువని తేల్చుకున్నాను. కద్మా వచ్చేసరికి నాకే నమ్మకం పోయింది.

ఫిబ్రవరి 2, ఆదివారం. 11.00

వచ్చారు! మూడు వందల మంది పైనే. మైకు లేదు. స్టీలు పళ్లాలు గరిటెలతో కొడుతూ వచ్చారు. బాల్కనీలోంచి చూశాను. ముందు వరసలో బ్యానర్ ఒక కొస నూకమ్మ పట్టుకుంది. రెండో కొస జోగమ్మ!

నా చేతుల నిండా సబ్బు నురగ. అంట్లు తోముతూ మధ్యలో వచ్చాను. జోగమ్మ తలెత్తి చూసింది. నేను తలుపు వెనక్కి జరిగాను. ఎందుకు జరిగానో తెలియదు. తెలుసు.

హాసిని మా ఇంటి పళ్లెమే తీసుకుని కిందికి పరిగెత్తింది. ఆపలేదు. ఈ నెల్లాళ్లలో నేను చేసిన మంచిపని అదొక్కటే. అదీ చేసింది కాదు, ఆపనిది.

ఫిబ్రవరి 3, సోమవారం. 10.40

ఆ వీధుల్లో నలభై ఇళ్లు వారానికో రోజు సెలవుకి ఒప్పుకున్నాయి. ఆదిబాబు గారి భార్య అందరికన్నా ముందు సంతకం పెట్టి, చాయ్ కూడా ఇచ్చిందట. ఆయన ఇంట్లో లేని సమయం చూసి.

ఆయన మాత్రం ఉత్సాహంగా ఫోన్ చేశారు. "ఇంద్రాణీ, ఊరేగింపుది మంచి ఫోటో దొరికిందట కదా! వార్షిక నివేదిక అట్ట మీద ఏసేద్దాం."

"మనం డబ్బివ్వలేదండి."

"ప్రోత్సాహం ఇచ్చాం కదా?"

"మా ప్రోత్సాహంతో" అని టైపు చేశాను. చదువుకున్నాను. మింగుడు పడలేదు. చెరిపేసి, ఆ ఫోటో మనది కాదని ఆయనకి రాసి పంపాను. ఇంకా జవాబు రాలేదు.

ఫిబ్రవరి 4, మంగళవారం. 4.00

బిర్సానగర్. క్షమాపణ చెప్పాను. డబ్బు ఇప్పుడైనా తీసుకోమన్నాను. దారి మీ ఇష్టం, బ్యానర్ మీ ఇష్టం, ఆదిబాబు గారితో నేను పోట్లాడతానన్నాను.

"కూకో," అంది నూకమ్మ. లోపల్నుంచి ఒక కాగితం తెచ్చింది. "డబ్బులిత్తామని ఇప్పుడు శానామంది వత్తన్నారు. అంచేత సంఘంలో తీర్మానం సేసినాం. ఇచ్చేవోళ్లు ముందు ఇది నింపాలి."

ఒకే పేజీ! మూడు ప్రశ్నలు. మీ ఇంట్లో పనిచేసే మనిషికి వారానికో రోజు సెలవు ఉందా? ఆమె ఏ గ్లాసులో నీళ్లు తాగుతుంది? ఆమెను ఎప్పుడైనా అనుమానించారా? కింద మా సంతకం చాలదు. ఆమె సంతకం కావాలి.

ఫిబ్రవరి 6, గురువారం. ఉదయం 8.20

నింపాను. సెలవు: ఉంది, ఈ వారం నుంచి. గ్లాసు: మేం తాగేదే. అనుమానం: ఎన్నడూ లేదు. జోగమ్మ ముందు పెట్టాను.

కూడబలుక్కుంటూ చదివింది. కొంగుతో చెయ్యి తుడుచుకుని రెండో జవాబు మీద వేలు పెట్టింది.

"ఇది అబద్ధమమ్మా. నా గ్లాసు కిటికీలో ఉంటాది. ఆరేళ్ల నుంచీ."

నిజమే. సొట్టపడ్డ స్టీలు గ్లాసు. రోజూ చూస్తాను. కనపడలేదు.

"మూడోది?" అన్నాను.

"చెవి దుద్దు పోయినప్పుడు నా సంచీ ఎతికినావు. నాను సూసినాను. అడగనేదు."

రెండు జవాబులూ నేనే కొట్టేసి, నిజం రాశాను. సిగ్గుతో చేతిరాత వంకరపోయింది. ఇప్పుడైనా సంతకం పెడతావా అని అడిగాను.

"ఇప్పుడే ఎలా పెడతాను? సూడాలి కదా. ఉగాది దాటనీ."

తొమ్మిదేళ్లలో ఎంతమందికి నేను చెప్పానో ఆ మాట!

సరే. తీర్మానం మళ్లీ మొదలు, ఇవాళ్టి నుంచి. ఒకటి, ఎవర్నీ ఫారం అడగను. రెండు, ఆదివారం అంట్లు నావి. మూడు...

"ఏటి రాసేత్తన్నావమ్మా అంతసేపు?" జోగమ్మ మా ఇంటి గాజు గ్లాసులో నీళ్లు పోసుకుని, నా ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. "ముందు ఆ పుస్తకం మూసి, నా మాట ఇను."

మూసేస్తున్నాను.