నీ కూతురు తాగని మజ్జిగ

నాయనా ఓబులేసూ,

బాగున్నావా అని అడగను. నువ్వు పోయి ఇరవై ఏళ్ళు దాటింది. ఇన్నాళ్ళూ నీకు రాసేంత మంచి కబురు నా దగ్గర లేదు. ఇప్పుడు ఒకటుంది.

ముందు చెడ్డది చెప్పేస్తాను. జమ్మలమడుగు దారిలో నీ జీపు మీద బాంబులు వేయించిన పెద్దమనిషి బతికే ఉన్నాడు. సాక్షులు నోరు విప్పలేదు, కేసు కొట్టేశారు. నువ్వు ఏ జెండా కోసం చచ్చావో ఆ పార్టీలోనే చేరాడు. పోయిన ఎన్నికలప్పుడు నీ ఫోటో కావాలని మనుషుల్ని పంపాడు, ఫ్లెక్సీలో అమరవీరుల వరుసలో వేయడానికట! నేను ఇవ్వలేదు. చంపినవాడికి నువ్వెలా ఉంటావో గుర్తు లేదా?

మాధవి పుట్టిన రోజు ఆసుపత్రి వరండాలో నువ్వన్న మాట ఇంకా నా చెవుల్లో ఉంది. "శానా మంచిదైందిమా. ఆడపిల్లను ఎవురూ నరకరు."

నువ్వు నవ్వావు. నాకు నవ్వు రాలేదు...

నీ దినాల నాడు ఆ పెద్దమనిషి మనుషులు కూడా అలాంటి మాటే అన్నారు. "ఆ ఇంట్లో మొగపిల్లోడు ల్యాడు, ఇంగ పగ పట్టేటోడు యాడుండాడు?" అని. బడిలో నేను చదువు చెప్పిన పిల్లల పేర్లు మరిచిపోయానేమో గానీ, ఈ మాట మరవలేదు.

నీ కూతురు ఫాస్ట్ బౌలరైంది. పెన్నలో ఎలాగూ నీళ్ళుండవు కదా, ఆ ఇసుకలో పరిగెత్తి కాళ్ళు గట్టిపరుచుకుంది. పులివెందులలో మగపిల్లలతో ఆడిన మ్యాచ్‌లో యార్కర్ వేస్తే, ఒకడు పాదం పట్టుకుని కూలబడ్డాడు. ఆ రోజు ఇంట్లో పాయసం చేశాను. ఎందుకో కోడలికి చెప్పలేదు.

బంతి వేసేటప్పుడు నీకు ఎవరు కనిపిస్తారే అని అడిగాను. "స్టంపులు, జేజీ. ఇంకెవురు కనపడాల?" అంది. నాకు కాస్త నిరాశ కలిగిన మాట నిజం.

జిల్లా జట్టులోకి వచ్చింది, తర్వాత రాష్ట్ర జట్టులోకి. అంతలో వెన్నులో సన్నని పగులు... ఒక సీజనంతా మంచం మీదే. లేచాక మునుపటికంటే జోరుగా వేసింది. అయినా జట్టులో పేరు రాలేదు. ఎందుకో తెలుసా? క్రికెట్ సంఘానికి మన పెద్దమనిషి అధ్యక్షుడయ్యాడు. ఆయన ఎన్నడైనా బంతి పట్టాడో లేదో నాకు తెలియదు. బాంబు కూడా గుండ్రంగానే ఉంటుంది కాబట్టి అర్హత సరిపోయిందనుకున్నారేమో.

తర్వాత పార్టీ వాళ్ళు మనింటికి వచ్చారు. "పాత కతలన్నీ ఎందుకు మేడం? పాపను ఒకసారి ఆయనింటికి పంపీండి. గలాసుడు మజ్జిగ తాగొస్తే సాలు, టీములో పేరుంటాది" అన్నారు.

పగవాడి ఇంట గుక్కెడు నీళ్ళు తాగితే పగ తీరిపోయినట్టే కదా మన వైపు. అంటే నీ ప్రాణం గ్లాసుడు మజ్జిగకు తూగిందన్నమాట. అందులో ఉప్పు వేస్తారో లేదో అడగలేదు. "బళ్లో పిల్లోళ్లను కొట్టినట్టు ఈ పెద్దోళ్లను గూడా కొట్టింటే, ఈడ ఫ్యాక్షనే ఉండేది కాదు మా" అనేవాడివి. ఆ రోజు బెత్తం దగ్గర లేకపోయింది.

కోడలు ఏడ్చింది. పోయినోళ్ళ కోసం బతికుండే పిల్ల గొంతు కోస్తామా అత్తా, అంది. ఆమె తప్పేముంది? ఫాస్ట్ బౌలర్‌కు వయసు ఎన్నాళ్ళుంటుంది? నేను నోరు మూసుకున్నాను. నువ్వు నమ్మవు, కానీ మూసుకున్నాను.

"తాగను జేజీ" అంది మాధవి. అంతే. కిట్టు సర్దుకుని పొరుగు రాష్ట్రానికి ఆడటానికి పోయింది. అక్కడ మొదటి ఏడాది బెంచీ మీదే కూర్చుంది. రెండో ఏడాది వికెట్లు రాలాయి. ఈసారి లీగ్ వేలంలో ఒక జట్టు తీసుకుంది. టీవీలో చూశాం నాయనా, నీ ఇంటిపేరు ఆమె వీపు మీద...

పెద్దమనిషికి వెంటనే ప్రేమ పుట్టుకొచ్చింది. ప్రొద్దుటూరులో సన్మానం పెట్టించాడు. మైకులో "మా ఇంటి ఆడబిడ్డ" అన్నాడు. నేను ముందు వరుసలోనే ఉన్నాను. శాలువా కప్పాక, అందరూ చూస్తుండగా వెండి గ్లాసులో మజ్జిగ తెప్పించి తన చేత్తోనే అందించాడు. కెమెరాలు సిద్ధంగా ఉన్నాయి. ఇంతమందిలో కాదనలేదనుకున్నాడు.



మాధవి వంగి తన సంచీ జిప్పు తీసింది. బాటిలు బయటికి తీసి, ఆయన మొహంలోకే చూస్తూ, తొందర లేకుండా తాగింది. "నా నీళ్ళు నేను తెచ్చుకున్యా, పెద్దనాయనా" అంది మైకులో. మన వైపు ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు. ఆయన చెయ్యి అలా చాచే ఉంది, మజ్జిగ ఒలుకుతూ.

ఏం చేస్తాడోనని కోడలికి భయం. ఓట్లు దగ్గరపడ్డాయి, పిల్ల మొహం ఇంటింటి టీవీలో ఉంది. ఏం చేయగలడు?

నీ పాత స్నేహితులు వచ్చారు. "పెద్దమ్మా, నువ్వు ఊ అను, మేం సూసుకుంటాం" అన్నారు. వద్దన్నాను. నిమిషంలో పోతే ఆయనకేం తెలుస్తుంది?

పోయిన శనివారం గండి క్షేత్రానికి పోయి, ఆంజనేయస్వామికి ఆయన పేరు మీద అర్చన చేయించాను. నిండు నూరేళ్ళు బతకాలి. కళ్ళు కనిపించాలి, చెవులు వినిపించాలి. మాధవి వికెట్ తీసిన ప్రతిసారీ వీధిలో లేచే కేక ఆయన పడకగదిలోకి వినబడాలి.

నువ్వు నిశ్చింతగా ఉండు నాయనా. ఆయన ఆరోగ్యం నేను చూసుకుంటాను.

అమ్మ