నిచ్చెన నా దగ్గరే ఉంది

మార్చి 3

ఈ రోజు పరంజాకు ఎర్ర కార్డు తగిలించాను. ఆరంతస్తుల బిల్డింగు, వెనకవైపు గోడ. పరంజాను గోడకు పట్టి ఉంచే పైపులు, అంటే టైలు, ఇరవై నాలుగు ఉండాలి. మూడుసార్లు లెక్కపెట్టాను. పదిహేనే ఉన్నాయి. కార్డు ఎర్రగా ఉంటే ఎవరూ ఎక్కకూడదు. అది చెప్పడానికే నాకు సేఫ్టీ ఉద్యోగం ఇచ్చారు.

మూడు నెలలుగా నిలబడ్డది ఈ రోజే పడుతుందా అన్నాడు ఇంజనీరు. అయితే మీరే ఓసారి పైదాకా ఎక్కి రండి సార్ అన్నాను. సరిగ్గా అప్పుడే ఆయనకు ఫోనొచ్చింది. అది మోగనే లేదు, నేను చూశాను.

టైలు ఎవరు తీశారో నాకు తెలుసు. టై ఉన్నచోట ప్లాస్టరింగ్ ఆపి, అరచెయ్యంత ఖాళీ వదిలి, తర్వాత అతుకు వెయ్యాలి. అతుకంటే మా తాపీమేస్త్రికి ఒళ్ళు మంట. తన గోడ మీద అతుకు ఉంటే కొత్త చొక్కాకు మాసిక వేసినట్టే. ఆ మేస్త్రి మా అన్నయ్య.

మార్చి 4, ఉదయం 8:00

కార్డు పచ్చగా ఉంది. ఎవరో తిప్పేశారు. మళ్ళీ ఎరుపు వైపుకు తిప్పాను.

11:30

పచ్చ. తిప్పాను.

3:00

పచ్చ. మనుషులు పైనే ఉన్నారు. ఈల వేస్తున్నది మా అన్నయ్యే. కింద నుంచి అరిచి అరిచి గొంతు పోయింది. ఒక్కరూ దిగలేదు. గోడకు చెప్పుకున్నా వినేదేమో.

మార్చి 5

భోజనాల దగ్గర అడిగేశాను. అన్నయ్య దాచలేదు. తొమ్మిదీ తన చేత్తోనే తీశాడట. నాకు నడక రాకముందు నుంచే తను పరంజా ఎక్కుతున్నాడట. నేను పట్టిన కుందేటికి మూడే కాళ్ళన్నాడు. కాళ్ళు లెక్కపెట్టడమే నా ఉద్యోగం అన్నాను.

వదిన గరిట పట్టుకుని అంతా వింది. మళ్ళీ ఎప్పుడు పెడతారని అడిగింది. పనయ్యాక అన్నాడు. పనయ్యాక పరంజా విప్పేస్తారు కదా, ఇంక దేనికి పెడతారని అడిగింది. అన్నయ్య చెయ్యి కడుక్కుని లేచిపోయాడు.

నాకు భయంగా ఉంది. కోపంగా కూడా ఉంది. నాకున్నది ఒక్క అన్నయ్య.

మార్చి 6

రేపు ఈదురుగాలులట. చెప్పాను. ఇంజనీరు నిమ్మకు నీరెత్తినట్టు ఉన్నాడు.

మార్చి 7, ఉదయం 6:15

కార్డు పచ్చగానే ఉంది. ఈసారి తిప్పడానికి లేకుండా ఇనప తీగతో కట్టేశారు. శభాష్. కార్డు మీరే ఉంచుకోండి.

పరంజా ఎక్కే కింది నిచ్చెనకు నాలుగు క్లాంపులు. స్పానర్ నా సంచిలోనే ఉంది. విప్పేశాను. రిజిస్టర్‌లో రాశాను: పరంజా ఫెయిల్, నిచ్చెన తొలగించాను, టైము, సంతకం. పది అడుగుల అల్యూమినియం నిచ్చెన, పెద్ద బరువేం కాదు. భుజాన వేసుకుని గేటు దాటాను. ఎక్కడికమ్మా అన్నాడు వాచ్‌మన్. మా ఇంటికి అన్నాను. బస్సులో ఎక్కనివ్వలేదు. నడిచాను.

10:00

ఇంజనీరు పదకొండుసార్లు ఫోన్ చేశాడు. దొంగతనమట, పోలీసులట, నా సంగతి చూస్తాడట. ఫెయిలైన పరంజాకు దారి తీసెయ్యాలని కంపెనీ పుస్తకంలోనే ఉంది. పేజీ నంబరు కూడా చెప్పాను.

"నిచ్చెన నా దగ్గరే ఉంది సార్. టైలు బిగిస్తానంటే చెప్పండి, నేనే తెచ్చి, నేనే పట్టుకుంటాను."

పెట్టేశాడు. లోపలి నుంచి వెళ్దామన్నా కిటికీలకు గ్రిల్స్ బిగించేశారు, పరంజా మీదికి వేరే దారి లేదు. పదిమంది పనివాళ్ళని పైపులు పట్టుకుని ఎక్కమన్నాడట, వాచ్‌మన్ ఫోన్ చేసి చెప్పాడు. పదిమందీ పైన ఊగుతున్న పలకల్ని ఓసారి చూసి, కిందే కూర్చున్నారట.

రెండు స్టూళ్ళ మీద అడ్డంగా పెట్టిన నిచ్చెన హాలంతా ఆక్రమించింది. బయట గాలి కదా, వదిన తడిబట్టలు దాని మీద ఆరేసింది.

సాయంత్రం 5:00

అన్నయ్య ఇప్పుడే వచ్చాడు. మధ్యాహ్నం గాలికి ఐదో అంతస్తు దగ్గర పరంజా గోడ నుంచి జానెడు దూరం జరిగి, వెనక్కొచ్చి గోడను కొట్టిందట. నిన్న చేసిన ప్లాస్టరింగ్ తలుపంత మేర ఊడిపడిందట.

బట్టలు పక్కకు జరిపి నిచ్చెన అంచున కూర్చున్నాడు. చేతులు చూసుకున్నాడు.

"నేను నిలబడే చోటే," అన్నాడు.

గెలిచానని అనిపించలేదు. ఏడుపొచ్చింది. స్పానర్ తీసి అన్నయ్య ముందు పెట్టాను.

మార్చి 9

గాలి తగ్గాక నిచ్చెన తీసుకెళ్ళాను. ముందు తీగ తెంచి కార్డును ఎరుపు వైపుకు తిప్పాను. అన్నయ్యా నేనూ బెల్టులు కట్టుకుని, కింది వరస నుంచి మొదలుపెట్టి తొమ్మిదీ బిగించాం. ఇరవై నాలుగూ లెక్కపెట్టి, ఒక్కొక్కటీ ఊపి చూశాను. అప్పుడు నా చేత్తో నేనే కార్డును పచ్చవైపు తిప్పాను. గోడ మీద తొమ్మిది అతుకులు వస్తాయి. అన్నయ్య వాటిని తిట్టుకుంటూనే ఉన్నాడు. తిట్టుకోనీ.

మార్చి 10

ఉద్యోగం తీసేశారు. అనుమతి లేకుండా సామాను బయటికి తీసుకెళ్ళానని కాగితం మీద రాశారు. నిజమే, తీసుకెళ్ళాను. అవసరమైతే మళ్ళీ తీసుకెళ్తాను. నా చోట వచ్చినాయన కుర్చీలోంచి లేవడట.

మార్చి 11, ఉదయం 7:05

అన్నయ్య ఫోను. వెనక గాలి, ఇనప చప్పుడు.

"ఇరవై నాలుగు," అన్నాడు. పెట్టేశాడు.