నాయనమ్మ బయటపెట్టిన దొంగ

ఆదివారం రాత్రి, అహ్లోన్

నన్ను చూడడానికి నది అవతలి దలా నుంచి పెళ్లివారు వచ్చారు. మావాళ్లు రేవుపనికి సముద్రం దాటి ఈ దేశం వచ్చారని నాన్న ఎప్పటిలాగే చెప్పాడు.

నాయనమ్మ ఊరుకోలేదు. "అబద్దంతో మనువేటి? మా తాతకు తాత దొంగ. బియ్యం మూట ఎత్తుకుపోనాడని తెల్లోళ్లు దీపాంతరం ఏసి, సంకెళ్లతో ఓడెక్కించి ఈ దేశం తోలీసినారు. పందొమ్మిదేళ్ల గుంటడు!" అంది.

పెళ్లికొడుకు తల్లి టీ కప్పు కింద పెట్టేసింది. ఫోన్ చేస్తామని చెప్పి వెళ్లిపోయారు. నాన్న నాయనమ్మతో మాట్లాడటం లేదు.

సంబంధం పోతుందేమోనన్న దిగులు ఉంది. కానీ ఓడెక్కిన ఆ పందొమ్మిదేళ్ల కుర్రాడు మళ్లీ తన తల్లిని చూశాడా అన్నదే మనసులో తిరుగుతోంది. అతని పేరేమిటని నాయనమ్మను అడిగాను.

"అప్పన్న. మీ అయ్యకి ఆ పేరే ఎట్టినాను" అంది.

నాన్నకు ఆ సంగతి తెలుసో లేదో.