చెంప మీద రెండు గీతలు

కర్నూలు,
1957 ఆగస్టు 11

నాయనకు,

కృపమణి వందనాలు. ట్రైనింగు స్కూలు నుంచి వచ్చి మంచం మీద వాలితే మళ్ళీ లేవబుద్ధి కావడం లేదు. ఈ ఉత్తరం చాలాసార్లు మొదలుపెట్టి చింపేశాను.

మన సంఘపు అయ్యగారు నాకు రాశారు. మన గోడ మీదున్నది మరియమ్మ పటమని, కేథలిక్కుల మాదిరి అలాంటి పటం పెట్టుకున్నవాడు సంఘ పెద్దగా ఉండి ప్రభు భోజనపు రొట్టె పంచకూడదని కొందరు అంటున్నారట. నువ్వేమో అది అమ్మ బొమ్మేనని చెప్పావట. కాన్వెంటులో చదివినదాన్ని కాబట్టి నిజమేదో నన్ను రాయమన్నారు.

మరాఠీ దేశంలో కొల్హాపూరు దగ్గరి శిబిరంలో నువ్వు కాంపౌండరువి, అమ్మ ఆయా. యుద్ధంలో ఇల్లూ వాకిలీ పోయి, రష్యా మంచు శిబిరాల్లో చావు తప్పించుకొని వచ్చిన పోలెండు ఆడవాళ్ళు, పిల్లలు అక్కడ ఉండేవాళ్ళు. ఒక ముసలామె మనవరాలిని జ్వరం నుంచి అమ్మ కాపాడిందని, అందుకు కృతజ్ఞతగా ఆమె పెట్టె మూత పలక మీద అమ్మ బొమ్మ వేసిచ్చిందని చెప్పేవాడివి. చంకలో బిడ్డ నేనేనన్నావు. నన్ను పెంచిన సిద్దమ్మవ్వ చూసి, "మరియమ్మ అయితే తెల్లగా ఉండాల గదప్పా! ఇంత నలుపు మన జీవమ్మే!" అని అమ్మ పేరెత్తి నవ్వేది. చెంప మీద గీతలేమిటంటే, రైల్లో తెచ్చేటప్పుడు గీసుకుపోయిందన్నావు.

నాయనా, కాన్వెంటులో ఒక సిస్టరు ప్రార్థన పుస్తకంలో అదే బొమ్మ చూశాను. అదే నల్లటి ముఖం, అదే బిడ్డ. చెంప మీద ఆ రెండు గీతలు కూడా. పోలెండు వాళ్ళు కొలుచుకునే మరియమ్మ అట. ఆ రోజు భోజనం మానేసి పడుకున్నాను. అమ్మ ఫోటో ఒక్కటీ లేదు. ఉన్న ఆ ముఖమూ అమ్మది కాదు. నీకు చెప్తే నీకూ అమ్మ లేకుండా పోతుందని ఇన్నాళ్ళూ ఊరుకున్నాను.

అయ్యగారికి అది అమ్మేనని రాయమంటే రాస్తాను. నువ్వే చెప్పు.

నీ కూతురు,
కృపమణి

*

ఎర్రగుంట్ల,
ఆగస్టు 19

నా తల్లి కృపమణికి నాయన దీవెనలు.

నాకు మొదటినుంచీ తెలుసు. ఆ ముసలామె మీ అమ్మ బొమ్మే వేస్తానంది. మీ అమ్మే వద్దంది. "ఆమెకు ఊరు ల్యా, ఇల్లు ల్యా. ఆమె మనసులో ఎవరుండారో వాళ్లనే వెయ్యమను" అంది. వేసి తెచ్చాక చూసి, "యో, ఈమె కూడా నా మాదిరే శానా నల్లగుండాదే!" అని నవ్వింది. ఆ ఏడే కలరాతో పోయింది.

పటం పట్టుకొని ఊరికి వస్తే, అవ్వ దగ్గరున్న నువ్వు పరుగెత్తుకొచ్చి "అమ్మ యాడ?" అన్నావు. పటం చూపించాను. నువ్వు ముద్దు పెట్టుకున్నావు. ఆ తర్వాత కాదని ఎలా చెప్పేది?

ఇప్పుడు నీకు తెలిసిపోయింది. ఇంక ఎవరి కోసం అబద్ధమాడేది? నిన్న ఆదివారం సంఘంలో లేచి ఉన్నదున్నట్టు చెప్పాను. పటం దించమన్నారు. "నేను దండం పెట్టేదానికి ఉంచుకోలేదప్పా. ఏమీ లేనోళ్ళు ఇచ్చినారు, నా పెండ్లాం సంతోషంగా తీసుకునింది. దించను" అన్నాను. దించేదాకా రొట్టె పంచేదీ లేదు, తినేదీ లేదు అన్నారు. ఇకమీదట వెనక గోడకు ఆనుకొని కూర్చుంటాను. మోకాళ్ళకు అదే మేలు.

అయ్యగారికి నువ్వేమీ రాయవద్దు.

మీ నాయన,
దావీదురాజు

*

కర్నూలు,
ఆగస్టు 24

నాయనా,

నీ ఉత్తరం చదివి ఏడవాలనుకున్నాను. అంత ఓపిక కూడా లేకపోయింది. కానీ ఒకటి జరిగింది. "నా మాదిరే శానా నల్లగుండాదే" అన్న చోట మళ్ళీ మళ్ళీ ఆగాను. పటంలో ఉన్నామె నాతో ఎప్పుడూ మాట్లాడలేదు. అమ్మ మాట వినడం ఇదే మొదటిసారి. ఇంకా ఏమేం అనేదో జ్ఞాపకం చేసుకొని ఉంచు. నేను వచ్చి వింటాను.

అయ్యగారికి రాశాను, నువ్వు వద్దన్నా. అది మరియమ్మ పటమేనని, మా అమ్మకు ఇచ్చిన కానుక అని, అది మా ఇంట్లోనే ఉంటుందని రాశాను. నలుగురిలో నోరు తెరవలేనిదాన్ని. కాగితం మీదైతే ఒక్క మాటా కొట్టివేయకుండా రాశాను.

వచ్చే ఆదివారం వస్తున్నాను. ఆడవాళ్ళ వైపు నేనూ వెనక గోడకే కూర్చుంటాను. రొట్టె పళ్ళెం నా దాకా వస్తే, నీకు ఇవ్వనిది నాకూ వద్దని పక్కవాళ్ళకు అందిస్తాను.

నీ,
కృపమణి