తాత ఫోటోలో నా చెయ్యి

గురువారం, నాంపల్లి

ఎల్లుండి తాత సంవత్సరీకం. ఏడాదిగా ఆధార్ కార్డు ఫోటోకే దండ వేస్తున్నాం. అందులో ఆయన ఎవరినో తిట్టబోతున్నట్టు ఉంటాడు. అందుకే ఈ రోజు తమ్ముడు శేఖర్‌తో ఆబిడ్స్‌లోని ఫోటో స్టూడియోకు వెళ్లాను.

తాత నవ్విన ఫోటో ఒక్కటే ఉంది. మొజంజాహీ మార్కెట్‌లో సీతాఫలం ఐస్‌క్రీం కప్పు పట్టుకుని ఉన్నాడు. షుగర్ పెరుగుతుందని అది లాక్కోబోయిన నా చెయ్యి కూడా ఫోటోలో పడింది. తీపి మానమన్న డాక్టర్లు ఇద్దరూ పోయాక కూడా బతికి, తాత తొంభై ఆరేళ్లు చూశాడు.

"దండేసే ఫోటోల బతికున్నోళ్ల చెయ్యి ఉండొద్దమ్మా, తీసేస్త" అన్నాడు స్టూడియో ఆయన. "కప్పు గూడ తీసెయ్యాల్నా?"

"కప్పు తీస్తే మా తాత ఊకుంటడా?" అన్నాడు శేఖర్. "అక్కా, చెయ్యి సంగతి నువ్వే చెప్పు."

చివరి పదేళ్లు తాతను పట్టుకుని నడిపించిన చెయ్యి అది. తీసేస్తే ఆయన ఒంటరివాడవుతాడేమో. ఉంచితే ఇంట్లో వాళ్లకు భయం. దేవుణ్ణి తలచుకుని తీసెయ్యమన్నాను.

సాయంత్రానికి ఫోటో గోడకెక్కింది. చెల్లెలు సుజాత చూసి, "ఇగ ఆపెటోళ్లు లేరని నవ్వుతున్నట్టే ఉన్నడు" అంది. అందరం నవ్వాం.

దీపం పెట్టి వచ్చి ఫోటో ముందు నిలబడ్డాను. ఇన్నేళ్లలో మొదటిసారి, "తిను తాతా" అన్నాను.