సక్కుబాయి జల్లించిన పొడి

హైదరాబాదు,
18 జూలై 1974, గురువారం.

చిరంజీవి సాయిలుకు,

అక్క వీరలక్ష్మి ఆశీర్వదించి రాస్తున్నది. నువ్వూ, మీ అమ్మ సీతాబాయీ, పాప యాదమ్మా పుప్పాలగూడలో కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ మేమూ కులాసా అని రాయడం మర్యాద. గ్రామసేవికగా ఎన్నో ఏళ్లుగా ఉత్తరాలు రాస్తున్నదాన్ని, ఆ మాట దగ్గర నా కలం ఆగడం ఇదే మొదలు. ఇక్కడ ఏమీ బాగా లేదు తమ్ముడూ.

ఈ మధ్య నేను ఎదురొస్తే నువ్వు సైకిలు దిగడం మానేశావు. నేనేమీ అనుకోలేదు. నీ భార్య సక్కుబాయికి టీబీ అని నీతో చెప్పింది నేను. పుట్టింటికి పంపమన్నదీ నేనే. కోపం ఉంటే ఉండనీ, ఉత్తరం మాత్రం చింపకుండా చివరిదాకా చదువు. నువ్వు ఐదో తరగతి చదివావని సక్కుబాయి ఊరంతా చెప్పుకునేది, అందుకే అక్షరాలు విడివిడిగా రాస్తున్నాను.

సోమవారం పొద్దున నార్సింగి వెళ్లి సక్కుబాయిని చూశాను. మీ అత్త బుచ్చమ్మ కూతుర్ని పశువుల కొట్టంలో ఒక పక్కన ఉంచింది. ఇంట్లో కోడలు గర్భిణి అట, అందుకని. సక్కుబాయి గోడకు చేరగిలబడి కూర్చుని ఉంది. పడుకుంటే ఊపిరి ఆడదట. చెంబుడు నీళ్లు ఎత్తుకుని తాగడానికి మధ్యలో రెండుసార్లు ఆగింది. ఎనిమిది నెలలుగా సూదిమందు పడుతున్న మనిషి ఇట్లా ఎందుకుందని అప్పుడు మొదటిసారి అనుమానం వచ్చింది. బండి కట్టించి రోడ్డు దాకా తెచ్చి, అక్కడి నుంచి బస్సు ఎక్కించి, ఇక్కడి దవాఖానకు తీసుకొచ్చాను.

ఇక్కడ రామబ్రహ్మం గారని ఒక డాక్టరున్నారు. కాకినాడ వైపు మనిషి, నెమ్మదిగా మాట్లాడతారు. మూడు రోజులు వరసగా కఫం పరీక్ష చేయించారు, ఎక్స్‌రే తీయించారు. నిన్న నన్ను పిలిచి, ఆ ఫిల్ము కిటికీకి ఎత్తిపట్టి చూస్తూ, ఈమె ఏ రాళ్ల క్వారీలో పనిచేస్తుందండీ అని అడిగారు. క్వారీ ఏమిటండీ, ఇల్లు దాటని మనిషి అన్నాను. టీబీ పురుగు లేనే లేదు, లేని జబ్బుకు ఎవరు సూదులు వేయించారు అన్నారు. నేనే అని చెప్పాను. ఊళ్లో కంపౌండరు వీపు మీద గొట్టం పెట్టి టీబీ అంటే, నేను ఎదురు ప్రశ్న అడగలేదు.

మరి ఇంట్లో ఏం పని చేస్తుంది అని అడిగారు. నా బుద్ధి చూడు, అంతటి సమయంలోనూ గర్వం పోలేదు. మా మహిళా మండలి పని అండీ అని, సంచిలోంచి గిన్నెలు తోమే పొడి పొట్లం తీసి బల్ల మీద పెట్టాను. ఆయన చిటికెడు తీసుకుని వేళ్ల మధ్య రుద్ది, ఇది దేనితో చేస్తారు అన్నారు. నేను మండలి సభలో చెప్పినట్టు మొత్తం చెప్పాను.

గచ్చిబౌలి గుట్టల్లో పలుగురాళ్లు ఏరుకొస్తామనీ, రోట్లో దంచుతామనీ చెప్పాను. మొదట్లో బయట చెట్టు కింద దంచేవాళ్లు, మెత్తటిదంతా గాలికి పోయేది. మిగిలిన బరక పొడితో గిన్నెలు గీతలు పడుతున్నాయని పట్నంలో ఆఫీసర్ల భార్యలు పొట్లాలు తిప్పి పంపారు. అప్పుడు నేనే, గదిలో కూర్చుని తలుపు మూసుకుని దంచండి అన్నాను. జల్లెడ చాలదని, నా పాత వాయిలు చీర చింపి మండలిలోని పద్నాలుగు ఇళ్లకూ తలా ఒక ముక్క ఇచ్చాను. ఆ బట్టలో పోసి ఆడిస్తే పొడి గోధుమపిండి కంటే మెత్తగా వచ్చింది. సాయంత్రం తలుపు తీసి బయటికొచ్చిన ఆడవాళ్లు నెత్తీ కనుబొమ్మలూ తెల్లగా ఉంటే, ముసలోళ్లమైనం అక్కా అని నవ్వేవాళ్లు. నేనూ నవ్వాను. ఇదంతా డాక్టరు గారికి నవ్వుతూనే చెప్పాను.

ఆయన కుర్చీలో కూర్చున్నారు. పొట్లం మడిచి పక్కన పెట్టి, బరకది ముక్కులోనో గొంతులోనో ఆగుతుందమ్మా, మెత్తనిదే ఊపిరితిత్తుల అడుగుదాకా పోతుంది, పోయింది ఇక బయటికి రాదు అన్నారు. లోపల రాయి పొరలు కట్టిందట. దీనికి మందు లేదట. ఎంతకాలమండీ అని అడిగాను. ఆమెకు పిల్లలున్నారా అన్నారు. ఆరేళ్ల ఆడపిల్ల ఉందన్నాను. ఆలస్యం చేయకుండా పిలిపించండి అన్నారు.

సాయిలూ, నేను ఆ గదిలోంచి ఎట్లా బయటికొచ్చానో నాకు గుర్తు లేదు. వరండాలో ఎవరో అమ్మా జర పక్కకు జరుగు అంటే, గోడకు తల ఆనించుకుని నిలబడి ఉన్నానని తెలిసింది. అరవై తొమ్మిది గొడవల్లో, ఆంధ్రా నుంచి వచ్చినదాన్నని నాకు భయం పట్టుకుంటే, సక్కుబాయి నన్ను మీ ఇంట్లో వారం రోజులు దాచింది. ఎవరన్నా అడిగితే మా అక్క అని చెప్పింది. ఆ ఇంట్లోంచి ఆమెను నేను వెళ్లగొట్టాను.

నువ్వు తప్పు చేశావని రాయడం లేదు. పిల్లకు అంటుకుంటుందన్న భయం నీకు నేను పెట్టిందే. నార్సింగి అంగడి రోజున మీ అమ్మ పాప యాదిని వెంట తెస్తే, సక్కుబాయి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని గాజుల బండి అవతల నిలబడి చూసేదట. రెండు మైళ్ల దూరంలోనే ఉండి ఎనిమిది నెలలు పిల్లను ముట్టుకోలేదు. ఇది ఒకరి నుంచి ఒకరికి అంటుకునే జబ్బు కాదు, ఎప్పుడూ కాదు. ఈ సంగతి నిన్న చెప్పాను. తనకు నయం కాదన్నది కూడా దాచకుండా చెప్పాను. ఆమె ఏడవలేదు, నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. అయితె యాది నా పక్కల పండొచ్చా అక్కా, అని మాత్రం అడిగింది.

కాబట్టి నిన్ను వేడుకుంటున్నాను. నువ్వు పనిచేసే ద్రాక్షతోట యజమానితో చెప్పుకుని, ఇవాళే యాదిని తీసుకుని రా. రేపటి దాకా ఆగవద్దు. ఆడవాళ్ల వార్డు, కిటికీ పక్క మంచం. పిల్లను గట్టిగా మాట్లాడమను, ఆ సూదుల వల్ల తల్లికి చెవుల్లో హోరు, మెల్లగా అంటే వినపడదు.

మండలి పని ఈ పూటతో ఆగిపోయింది. ఆదివారం వచ్చి పద్నాలుగు ఇళ్లకూ నేనే వెళ్లి చెబుతాను. చీర ముక్కలన్నీ వెనక్కి తీసుకుంటాను. వాళ్లు ఏమన్నా పడతాను. మీ అమ్మను కూడా దంచడం ఆపమను. పెద్దమనిషి చూపు ఆనదు, భుజం లేవదు, అయినా సక్కుబాయి వెళ్లాక మీ ఇంటి పొడి ముందుకంటే మెత్తగా వస్తోంది. కిందటి నెల సభలో అందరి ముందూ మెచ్చుకుని, బహుమానంగా యాదికి ఒక రిబ్బను ఇచ్చి పంపాను. ఆ మాట చెబితే సక్కుబాయి మొహం విప్పారింది. ఆమెకు చెప్పడానికి నా దగ్గర ఉన్న మంచి మాట అదొక్కటే.

ఇట్లు,
నీ అక్క అనిపించుకునే అర్హత ఇంకా ఉందో లేదో తెలియని,
వీరలక్ష్మి, గ్రామసేవిక.

తా.క.: మీ ఊరి పెంటయ్య ఈ దవాఖాన వంటగదికి పాలు పోసి తిరిగి వెళుతుంటే, ఈ ఉత్తరం నీకు తోటలోనే ఇమ్మని అతని చేతికిచ్చాను. యాది ఎట్లా ఉందని మాటవరసకు అడిగాను. మంచిగనే ఉన్నదమ్మా, పొద్దుగాల పాలకు పిలిస్తె లోపల్నుంచి పిల్లనే వచ్చి తలుపు తీసింది, అన్నాడు. ముసలామె దంచుతది, పిల్ల బట్ట పట్టి జల్లిస్తది, చిన్న చేతులు గదా, మస్తు మెత్తగ వస్తది, అన్నాడు. నెత్తి, రెప్పలు, ఆ కొత్త రిబ్బను, అంతా తెల్లగున్నదట. జర దగ్గుతున్నది గని ఫికర్ చెయ్యకు, వానకాలం గదా, అన్నాడు.

ఉత్తరం వెనక్కి తీసుకుని ఇది రాస్తున్నాను. తల్లి దగ్గరికి పోతే జబ్బు వస్తుందని పిల్లను ఆపి, ఆ గదిలో కూర్చోబెట్టాం సాయిలూ. నేను మెచ్చుకున్నది దాని చేతి పనిని. ఇది మొదటే రాయాల్సిన మాట. మళ్లీ మొదటి నుంచి రాసే వ్యవధి లేదు, పెంటయ్య కిటికీ బయట సైకిలు ఎక్కి కూర్చున్నాడు. కవరు మీద పెద్ద అక్షరాలతో రాస్తాను, అది చూసి ఇంటికి పరుగెత్తు. తలుపు తీసి పిల్లను బయటికి తీసుకురా. డాక్టరు గారికి దాన్ని కూడా చూపించాలి.

సక్కుబాయికి ఇది చెప్పలేదు. నేను రాస్తుంటే పక్కనుంచి అడుగుతోంది, యాదికి ఇచ్చిన రిబ్బను ఏ రంగని. ఎర్రది అని గట్టిగా చెప్పాను.