తమ్ముడి కారుకి నాలుగు ఇంజెక్టర్లు

పుణె,
సెప్టెంబరు 8.

పెదనాన్నకు ఉమామహేశ్వరి నమస్కారాలు.

నీకు ఫోన్లో మాట వినపడదు, మెసేజి చదవవు. అందుకని మళ్లీ పెన్ను పట్టాను. మా గ్యారేజీలో అందరూ వచ్చి వింతగా చూసి పోతున్నారు.

నాన్న పోయాక నీ షెడ్డులో ఉన్న జెన్ కారు సంగతి ఇది. మొన్న సెలవుల్లో లాప్‌టాప్ తగిలించి చూశాను కదా. పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు నాలుగుంటాయి. తెరుచుకోవడం, మూసుకోవడం, అదే వాటి పని. కారు బాగా తొక్కినప్పుడు ఇవి మూసుకోవడమే మానేస్తున్నాయి. అంటే వాటి శక్తి అంతవరకే. ఆపైన తొక్కితే గాలి పెరుగుతుంది, పెట్రోలు పెరగదు. ఇంజిన్ కాగిపోయి పిస్టన్ కరుగుతుంది. కంపెనీ వాళ్లు ఎప్పుడూ కాస్త వెసులుబాటు ఉంచుతారు. ఇందులో అదెందుకు లేదో నాకు అంతుపట్టలేదు. పాతబడ్డాయేమో.

పెద్ద ఇంజెక్టర్లు నాలుగు పార్సిల్ చేశాను. పైడిబాబు మేస్త్రి చేత వేయించు. డిసెంబరులో కోయంబత్తూరు రేసు ట్రాకు మీద నాన్న కారు నేను నడపాలి.

ఇట్లు,
నీ ఉమ

తా.క. అంతదాకా గట్టిగా తొక్కకు. తొక్కవులే. సైకిళ్ల వాళ్లు నిన్ను దాటిపోతున్నారని పెద్దమ్మ చెప్పింది.

*

గోల్‌మురి,
సెప్టెంబరు 18.

చి. ఉమకు పెదనాన్న అసిరయ్య దీవెనలు. నా మోకాళ్లు తప్ప ఇక్కడ అందరం కులాసా.

పార్సిల్ సరిగ్గా విశ్వకర్మ పూజ ముందురోజు అందింది. ఈ కార్ఖానాల ఊళ్లో కొత్త సామాను పూజ కాకుండా మిషనుకి బిగిస్తారా? పైడిబాబు గ్యారేజీలో విగ్రహం పాదాల దగ్గర పెట్టించాను. నాలుగింటికీ పసుపు రాసి, మూతుల మీద సిందూరం దిద్ది, ఎర్రగుడ్డలో కట్టాం.

కానీ ఒక్క మాట. తిండి చాలడం లేదంటే ఇంజిన్‌కి ఆకలి తగ్గించాలి గానీ గరిటె పెద్దది చేస్తారా? మా తమ్ముడు దేముడు బతికినన్నాళ్లూ ఆ ఇంజిన్ మీద చెయ్యి వెయ్యలేదు. "కంపెనీ వోడు బిగించింది మనం ఇప్పకూడదన్నా" అనేవాడు. సాయంత్రం మలుపు తిరుగుతుండగానే ఆ కారు ఆగి ఆగి కొట్టుకునే చప్పుడు నాకు అందేది. పక్కనుండి మీ పెద్దమ్మ పిలిస్తే వినపడని చెవికి అది వినపడేది. తమ్ముడు ఇంటికొచ్చాడని అలా తెలిసేది. ఆ చప్పుడు మారిపోతుందేమోనని నా బెంగ.

ఇట్లు,
పెదనాన్న

తా.క. ప్రసాదం పంపుతున్నాను. బూందీ గ్రీజు వాసన వస్తే భక్తి అనుకో.

*

పుణె,
సెప్టెంబరు 24.

పెదనాన్నా, నమస్కారం ఉత్తరం చివర పెడతాను, ముందు ఇది చదువు.

సిందూరమా? ఆ మూతుల్లో రంధ్రాలు వెంట్రుక కంటే సన్నం. ఒక్క రేణువు అడ్డుపడితే ఆ సిలిండర్ పెట్రోలు అందక కాలిపోతుంది. దయచేసి బిగించొద్దు. సూదితో పొడవొద్దు, చింతపండుతో తోమొద్దు. ఉన్నవి ఉన్నట్టు వెనక్కి పంపు, ఇక్కడ కడిగిస్తాను.

చప్పుడు మారితే మారనీ. మంచి ఇంజిన్ అలా ఆగి ఆగి కొట్టుకోదు. అది జబ్బు.

నమస్కారాలతో,
ఉమ

తా.క. ప్రసాదం గ్యారేజీలో పంచాను. మా ఓనరు రెండోసారి అడిగి తిన్నాడు. గ్రీజు ఆయనకి అలవాటే.

*

గోల్‌మురి,
అక్టోబరు 1.

చి. ఉమకు పెదనాన్న దీవెనలు. కోపంగా రాసినా నీ ఉత్తరం నీ ఉత్తరమే. రెండుసార్లు చదువుకున్నాను.

వెనక్కి పంపే వీలు లేదు. ఎర్రగుడ్డ మూట చూసి కుర్రాళ్లు పూజ సామాననుకున్నారు. విగ్రహంతో పాటు ఖర్కాయి నదిలో కలిపేశారు. పైడిబాబు నడుందాకా దిగి వెతికాడు. "దేవుడు అట్టుకెల్లిపోనాక మనం ఏటడుగుతాం గురూ" అంటూ ఒడ్డెక్కాడు. దొరికింది ఒక చెప్పు.

దేవుడి మనసూ అదేనేమో, కారుని అలాగే ఉండనీ. జబ్బన్నావు చూడు, ఆ మాటకి నా మనసు నొచ్చుకుంది.

ఇట్లు,
పెదనాన్న

తా.క. ఆ చెప్పు పైడిబాబుకి సరిపోయింది. రెండోది వచ్చే ఏడాది నిమజ్జనానికి వస్తుందని చూస్తున్నాడు.

*

పుణె,
అక్టోబరు 9.

పెదనాన్నకు ఉమ నమస్కారాలు.

నువ్వు కావాలనే పోనిచ్చావని నా అనుమానం. ఆదివారాలు నాన్న నన్ను పక్క సీట్లో కూర్చోబెట్టుకుని కద్మా దాకా తిప్పేవాడు. గేర్లు నా చేత వేయించేవాడు. నేను ఈ పనిలోకి వచ్చింది ఆ సీట్లోంచే. నా చేతిపని ఆయన చూడకుండానే పోయాడు. ఆయన కారులోనైనా అది ఉండాలని నా ఆశ. అది నీకు కష్టమైతే చెప్పు, ఇక అడగను.

ఒక్క పని మాత్రం చెయ్యి. పైడిబాబు చేత ఇంజిన్ పైమూత విప్పించు. ఆ ఇంజెక్టర్లు ఎందుకు చాలడం లేదో తెలుసుకోకుండా నడిపితే ఏదో ఒకరోజు ఇంజిన్ పోతుంది. నువ్వు దాచుకున్న చప్పుడూ పోతుంది.

ఇట్లు,
ఉమ

తా.క. హాస్యానికి మనసు లేదు. ఆ చెప్పు ఏ కాలిదో మాత్రం రాయి.

*

గోల్‌మురి,
అక్టోబరు 17.

చి. ఉమకు పెదనాన్న దీవెనలు. ఎడమకాలిది.

పైమూత విప్పించాను. పైడిబాబు లోపలికి చూసి తల గోక్కున్నాడు. "తిట్టనంటే సెప్తాను గురూ. వాల్వులు తెరిచే ఈ క్యామ్ కంపెనీది కాదు. దేముడన్న ఆదిత్యపూర్ లేతు షాపులో సానబట్టించి తెచ్చినాడు. నేనే బిగించినాను. మా అన్నకి తెలిత్తే గుండాగిపోద్దని ఒట్టేయించుకున్నాడు" అన్నాడు.

అదీ సంగతి. ఇంజిన్ ఎక్కువ గాలి లాగేలా చేసుకున్నాడు, దానికి తగ్గ పెట్రోలు పోసే ఇంజెక్టర్లు ఈ ఊళ్లో దొరకలేదు. అక్కడితో ఆగిపోయాడు. ఆగి ఆగి కొట్టుకునే ఆ చప్పుడు కూడా ఆ క్యామ్‌దేనట. తమ్ముడు ముట్టుకోని ఇంజిన్ అని నేను ఇన్నాళ్లూ కాపలా కాసింది వాడి అల్లరికన్నమాట.

షెడ్డులో కూర్చుని నవ్వాను, ఏడ్చాను కూడా. వాడు ఆగిన చోటు నువ్వు పుణెలో ఉండి పట్టేశావు. మరో నాలుగు ఇంజెక్టర్లు నువ్వే పట్టుకొని రా, నీ చేత్తో బిగించు. క్యామ్ మాత్రం ఉండనీ.

ఇట్లు,
పెదనాన్న

తా.క. కోయంబత్తూరుకి నేనూ వస్తాను. పక్క సీట్లో కూర్చుని "మెల్లిగా పోరా" అంటూ వాణ్ణి జీవితమంతా సతాయించాను. అంత ఇంజిన్ కాళ్ల కింద పెట్టుకుని "అలాగే అన్నా" అనేవాడు. నిన్ను మాత్రం అననులే.